నాన్నగారికి హార్మోన్ ఇంజెక్షన్ బదులు ఈస్ట్రోజెన్ ప్యాచ్ పెట్టొచ్చా?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకచోట పెట్టుకుంటాను. నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ పొత్తికడుపు కింది లింఫ్ గ్రంథులకు పాకింది, ఎముకలకు వెళ్లలేదు. రేడియేషన్ అయిపోయింది. 14 నెలలుగా మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్, రోజూ అబిరటెరాన్ అనే క్యాన్సర్ మాత్రలు. పీఎస్ఏ, అంటే ఈ క్యాన్సర్ జోరు చెప్పే రక్త పరీక్ష, 68 నుంచి 0.1కి దిగింది. కానీ రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, బనీను పిండుకునేంత చెమట, నిద్ర లేదు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో ఎముకలు పలచబడ్డాయని వచ్చింది. ఒకరు చర్మం మీద అంటించే ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ల హార్మోన్) ప్యాచ్ మంచిదన్నారు, మరొకరు అది గుండెపోటు తెచ్చే పాత మందు అన్నారు. ఏది నిజం, మార్చొచ్చా అని మీ ప్రశ్న. చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు, ఎనిమిదేళ్ల కిందట మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన కాలి సిరలో రక్తం గడ్డ కట్టిందని ఒక ముక్క రాశారు. ఆ ముక్క గురించి తర్వాత మాట్లాడతాను.

మీకు చెప్పిన ఇద్దరి మాటా నిజమే. ఒకాయన ప్యాచ్ గురించి చెప్పారు, ఇంకొకాయన మాత్ర గురించి చెప్పారు. రెండూ ఈస్ట్రోజెన్లే, ఒంట్లోకి వెళ్లే దారి వేరు. గొడవంతా ఆ దారిలోనే ఉంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు మేత టెస్టోస్టెరాన్. దాన్ని తయారుచేయమని వృషణాలకు ఆర్డర్ వేసేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో ఈస్ట్రోజెన్ బాగా పెరిగితే, ఒంట్లో హార్మోన్లు చాలినన్ని ఉన్నాయనుకుని పిట్యూటరీ ఆ ఆర్డర్ ఆపేస్తుంది. టెస్టోస్టెరాన్ పడిపోతుంది. లూప్రోలైడ్, గోసెరెలిన్ లాంటి ఇంజెక్షన్లు కూడా చివరికి చేసేది అదే పని, కాకపోతే నేరుగా పిట్యూటరీ మీద పనిచేసి. అందుకే మగవాళ్లకు ఆడవాళ్ల హార్మోను ఏమిటి అని కంగారు పడక్కర్లేదు. మగవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎప్పుడూ ఉంటుంది. టెస్టోస్టెరాన్‌లోంచి కొంత భాగాన్ని శరీరమే ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. మగవాళ్ల ఎముకలు గట్టిగా ఉండటానికి కావలసింది కూడా ముఖ్యంగా అదే.

నాన్నగారి కష్టాలకు మూలం కూడా ఇక్కడే ఉంది. ఇంజెక్షన్‌తో టెస్టోస్టెరాన్ పోతే, దాన్నుంచి రావలసిన ఈస్ట్రోజెన్ కూడా పోతుంది. ఆవిర్లు, ఎముకలు పలచబడటం టెస్టోస్టెరాన్ తగ్గడం వల్ల అనుకుంటాం కానీ, వాటిలో పెద్ద వాటా ఈస్ట్రోజెన్ లేకపోవడానిదే. ప్యాచ్ పెడితే టెస్టోస్టెరాన్ మాత్రమే దిగుతుంది, ఈస్ట్రోజెన్ ఉండిపోతుంది. ఆలోచన అంతే.

ఇక పాత మందు కథ. 1941లో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అనే ఇద్దరు పరిశోధకులు, వృషణాలు తీసేసినా, ఈస్ట్రోజెన్ ఇచ్చినా ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చూపించారు. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది. క్యాన్సర్‌కు మందుతో జరిగిన తొలి విజయాల్లో ఇదొకటి. అప్పట్లో వాడింది డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్, అంటే డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ మాత్ర. 1938లో తయారైంది. తర్వాత నలభై ఏళ్లు, ఆపరేషన్ వద్దన్నవాళ్లకు అదే దిక్కు.

1960లలో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులన్నీ కలిసి పెద్ద అధ్యయనం చేశాయి. రోజుకు 5 మిల్లీగ్రాముల డీఈఎస్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్ చావులు తగ్గాయి, కానీ గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల్లో గడ్డల వల్ల చావులు పెరిగాయి. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టయింది. తర్వాత 1 మిల్లీగ్రాముతో చూస్తే క్యాన్సర్ మీద దాదాపు అంతే ఫలితం, గుండె మీద దెబ్బ తక్కువ. కానీ ఆ మోతాదులో అందరికీ టెస్టోస్టెరాన్ పూర్తిగా దిగదు. ఈ తర్జనభర్జనలో ఉండగానే 1980లలో ఇంజెక్షన్లు వచ్చాయి, డీఈఎస్ అటకెక్కింది. గర్భిణులకు ఇచ్చిన డీఈఎస్ వల్ల వాళ్ల కూతుళ్లకు అరుదైన క్యాన్సర్ వస్తోందని 1971లో బయటపడటంతో ఆ పేరుకే మచ్చ పడింది.

నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఈ మాత్ర ఇంకా కొందరు వాడేవారు. ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. పీఎస్ఏ అద్భుతంగా దిగింది, మేమంతా సంతోషంగా ఉన్నాం. ఒకరోజు వచ్చి, కుడికాలి చెప్పు బిగుతైపోయింది, ఎడమది బాగానే ఉంది అన్నాడు. మా సీనియర్ ఏమీ మాట్లాడకుండా టేపు తీసి రెండు పిక్కలూ కొలిచారు. కుడివైపు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. స్కాన్‌లో తొడ దాకా గడ్డ. అప్పటినుంచి ఈస్ట్రోజెన్ మీద ఉన్న ప్రతి రోగికీ మొదట కాళ్లు చూడటం నాకు అలవాటైపోయింది. రెండు కాళ్లూ సమంగా ఉబ్బితే అది సాధారణంగా నీరు. ఒకటే ఉబ్బితే ఆ రోజే స్కాన్.

మాత్రతో ఇలా ఎందుకవుతుందంటే, మింగిన మందు పేగులోంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. ఒళ్లంతా పలచబడకముందే చిక్కటి మోతాదు కాలేయం మీద పడుతుంది. రక్తం గడ్డ కట్టించే ప్రోటీన్లు తయారయ్యేది అక్కడే, గడ్డను ఆపే యాంటీథ్రాంబిన్ లాంటివి తయారయ్యేదీ అక్కడే. ఈస్ట్రోజెన్ దెబ్బకు మొదటివి పెరుగుతాయి, రెండోవి తగ్గుతాయి. ఉప్పూ నీరూ ఒంట్లో నిలవడం దీనికి అదనం. చర్మం మీద ప్యాచ్ పెడితే మందు కొంచెం కొంచెంగా రక్తంలో కలుస్తుంది. కాలేయానికి కూడా మిగతా ఒంటికి అందినంతే అందుతుంది. పైగా ప్యాచ్‌లో ఉండేది డీఈఎస్ కాదు, మన ఒంట్లో సహజంగా ఉండే ఎస్ట్రాడయోల్.

లెక్కలో బాగానే ఉంది, నిజంగా రుజువైందా అంటే, చాలావరకు అయింది. బ్రిటన్‌లో 2006లో ప్యాచ్ అనే పేరుతోనే ఒక ట్రయల్ మొదలైంది. ఒక్కోటి రోజుకు 100 మైక్రోగ్రాముల మందు వదిలే ప్యాచ్‌లు ఒకేసారి నాలుగు, వారానికి రెండుసార్లు మార్పు. నాలుగు వారాలయ్యాక టెస్టోస్టెరాన్ దిగితే మూడు. 2021లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో గుండె ఫలితాలు వచ్చాయి. 1694 మందిలో ఇంజెక్షన్ వాళ్లకూ ప్యాచ్ వాళ్లకూ గుండె, రక్తనాళాల జబ్బుల్లో తేడా కనబడలేదు. 2024లో క్యాన్సర్ ఫలితం చెప్పారు. నాన్నగారిలా జబ్బు ముదిరినా దూరానికి పాకని 1360 మందిలో, మూడేళ్లకు క్యాన్సర్ వేరేచోటికి పాకకుండా బతికున్నవాళ్లు ప్యాచ్‌లతో 87 శాతం, ఇంజెక్షన్‌తో 86 శాతం. అంటే క్యాన్సర్‌ను అదుపులో పెట్టడంలో ప్యాచ్ ఇంజెక్షన్‌కు తీసిపోలేదు. ఎముకల సాంద్రత, షుగరు, కొలెస్టరాల్ విషయంలో ప్యాచ్‌దే పైచేయి. ఆవిర్లు ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లలో వందకు 80 మందికి పైగా వస్తే, ప్యాచ్ వాళ్లలో అందులో సగం మందికే వచ్చాయి. వచ్చినవాళ్లకు కూడా సాధారణంగా తక్కువగానే ఉంటాయి.

ఇప్పుడు రెండో వైపు. ప్యాచ్ పెట్టుకున్న వందమందిలో సుమారు 85 మందికి రొమ్ములు పెరుగుతాయి. ఇంజెక్షన్‌తోనూ పెరుగుతాయి కానీ అందులో సగమే. దీన్ని చాలామంది డాక్టర్లు ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తారు, అది తప్పు. నొప్పి ఉంటుంది, చొక్కా రాసుకున్నా సలుపుతుంది. దానికంటే పెద్ద బాధ నలుగురిలో చొక్కా విప్పలేకపోవడం. కొందరు అసలు పట్టించుకోరు, ఈ వయసులో నాకేంటి అంటారు. ఇంకొందరు ఇంట్లోంచి బయటికి రావడమే మానేస్తారు. మీ నాన్నగారు ఏ రకమో మీకంటే అమ్మగారికి బాగా తెలుస్తుంది. ఆమెను కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

రొమ్ములు పెరగకుండా ముందే చిన్న మోతాదు రేడియేషన్ ఇవ్వొచ్చు. కానీ అది మందు మొదలుపెట్టకముందు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. పెరిగి ఏడాది దాటి గట్టిపడ్డాక రేడియేషన్‌తోనూ తగ్గదు, మందు ఆపినా తగ్గదు, ఆపరేషనే దారి. రొమ్ముల దగ్గర ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర వాడొచ్చు కదా అని అడుగుతారేమో. ఇంజెక్షన్ల కాలంలో అది మంచి మందే కానీ, దానికి కూడా రక్తం గడ్డ కట్టించే గుణం ఉంది. ఈస్ట్రోజెన్‌తో జోడించడం నాకు నచ్చదు.

కామేచ్ఛ, అంగస్తంభన సంగతి కూడా ఎవరూ నోరు తెరిచి అడగరు కాబట్టి నేనే చెప్తున్నా. టెస్టోస్టెరాన్ దిగాక రెండు పద్ధతుల్లోనూ అవి తగ్గుతాయి. ప్యాచ్‌కు మారితే తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోవద్దు.

ప్యాచ్ అంటించడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, మందు ఫెయిలైందని నా దగ్గరికి పంపినవాళ్లలో కొందరికి నిజానికి ఫెయిలైంది జిగురు. ఒకాయనకు టెస్టోస్టెరాన్ దిగట్లేదు. డోసు పెంచుదామా అనుకుంటూ చొక్కా పైకెత్తమన్నాను. బొడ్డు పక్కన రెండు ప్యాచ్‌లు అంచులు చుట్టుకుని, వాటికి దారపు పోగులు అంటుకుని వేలాడుతున్నాయి. మూడోది లేనే లేదు. స్నానం కాగానే పౌడర్ రాసుకుని దాని మీద అంటిస్తున్నాడు. చర్మం మీద నూనె, పౌడర్, క్రీమ్ ఏదీ ఉండకూడదు. పూర్తిగా ఆరాక పొత్తికడుపు మీదో పిరుదు మీదో పెట్టి అరచేత్తో పది సెకన్లు అదిమి పట్టాలి. బెల్టు లైను దగ్గర పెడితే రాపిడికి లేచిపోతుంది. ఛాతీ మీద అసలు పెట్టకూడదు. ప్రతిసారీ చోటు మార్చాలి, లేకపోతే దురద, ఎర్రటి దద్దు. ప్యాచ్ మీద వేడినీళ్ల కాపడం పెట్టొద్దు, వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ దిగుతుంది. తీసేసినదాన్ని జిగురు లోపలికి వచ్చేలా మడిచి పారేయండి, అందులో మందు ఇంకా మిగిలి ఉంటుంది, పిల్లల చేతికి చిక్కకూడదు. మార్చే రెండు రోజుల్నీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవడం కంటే మంచి ఉపాయం నాకు ఇంతవరకు దొరకలేదు.

టెస్ట్‌ల విషయానికొస్తే, పీఎస్ఏ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఇంజెక్షన్ పడితే టెస్టోస్టెరాన్ దిగుతుందని ధీమాగా ఉండొచ్చు, ప్యాచ్‌తో ఆ ధీమా ఉండదు. మొదటి నెలలోనూ, ఆ తర్వాత పీఎస్ఏ చేయించినప్పుడల్లానూ టెస్టోస్టెరాన్ చూడాలి. డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలి, 20 లోపుంటే ఇంకా మంచిది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. నాన్నగారు వాడుతున్న అబిరటెరాన్ కూడా, ఎంజలూటమైడ్, డారొలూటమైడ్ లాంటి క్యాన్సర్ మాత్రలు కూడా పేరు తెచ్చుకున్నది ప్రధానంగా ఇంజెక్షన్‌తోనో ఆపరేషన్‌తోనో జోడీ కట్టిన ట్రయల్స్‌లో. ప్యాచ్ అనేది ఇంజెక్షన్ స్థానంలోకి వచ్చేది మాత్రమే. ప్యాచ్ పెట్టాం కదా అని అబిరటెరాన్ ఆపడం పెద్ద పొరపాటు. అబిరటెరాన్‌కు బీపీ పెంచే, నీరు పట్టించే గుణం ఉంది, ఈస్ట్రోజెన్‌కు కూడా కొంత ఉంది. రెండూ కలిసినప్పుడు బీపీ, బరువు ఇంట్లోనే రాసి ఉంచుకోవాలి. ఎంజలూటమైడ్ అయితే చిక్కు వేరు. అది చాలా మందులను కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది, ఎస్ట్రాడయోల్ కూడా ఆ దారిలోనే కరిగేది, అంటే ప్యాచ్ మందు చాలకపోవచ్చు.

ఇంజెక్షన్లు, కొత్త మాత్రలు అన్నీ పనిచేయడం మానేసిన దశలో తక్కువ మోతాదు డీఈఎస్ మాత్ర ఇప్పటికీ కొందరు వాడతారు. కొంతమందికి పీఎస్ఏ బాగానే దిగుతుంది. మీకు ప్రస్తుతం అది అవసరం లేని సంగతి.

ఎవరైనా మూలికలతో పీఎస్ఏ తగ్గుతుందని డబ్బా చేతిలో పెడితే మాత్రం ఈ కథ గుర్తు చేసుకోండి. 1990లలో పీసీ-స్పెస్ అని ఎనిమిది మూలికల గుళిక ఒకటి వచ్చింది. నిజంగానే పీఎస్ఏ దిగేది, డాక్టర్లే ఆశ్చర్యపోయారు. మగవాళ్లకు రొమ్ములు పెరుగుతున్నాయి, కాళ్లలో గడ్డలు కడుతున్నాయి, అచ్చం ఈస్ట్రోజెన్ లక్షణాలు. పరీక్ష చేస్తే కొన్ని బ్యాచుల్లో డీఈఎస్ దొరికింది. రక్తం పలచన చేసే వార్ఫరిన్ కూడా దొరికింది. 2002లో మార్కెట్‌లోంచి వెనక్కి తీసుకున్నారు. నేచురల్ అనుకుని వేసుకున్నవాళ్లు డాక్టరు వద్దన్న మందునే డోసు తెలియకుండా మింగారు.

ఇక మీరు చివర్లో రాసిన ముక్క. కాలి సిరలో గడ్డ.

ప్యాచ్ గుండెకు భద్రం అన్న ఫలితం అందరికీ వర్తిస్తుందనుకోకూడదు. ఈస్ట్రోజెన్ ప్యాచ్‌ల కరపత్రంలో ఎవరు వాడకూడదు అన్న చోట, గతంలో సిరల్లో గడ్డ కట్టినవాళ్లు అని రాసి ఉంటుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు కూడా ఆ వరసలోనే ఉంటారు. క్యాన్సరే రక్తాన్ని చిక్కబరుస్తుంది. దాని మీద మామూలు వాడకం కంటే మూడు నాలుగు రెట్ల ఈస్ట్రోజెన్. ఆపరేషన్ తర్వాత వచ్చిన గడ్డ, ఏ కారణం లేకుండా వచ్చిన గడ్డంత చెడ్డది కాదన్నది నిజమే. రక్త నిపుణులు చూసి, గడ్డ కట్టకుండా మందు వేస్తూ ప్యాచ్ పెట్టొచ్చు అని చెప్పే సందర్భాలు లేకపోలేదు. కానీ నాన్నగారికి పీఎస్ఏ 0.1 ఉండగా, ఆవిర్ల కోసం, ఎముకల కోసం ఆ రిస్కు తీసుకోమని నేను చెప్పను. ఆ రెండింటికీ వేరే మందులున్నాయి.

ఆవిర్లకు వెన్లాఫాక్సిన్ గానీ గాబాపెంటిన్ గానీ చిన్న మోతాదులో రాత్రిపూట మొదలుపెట్టమని అడగండి. సైప్రోటెరాన్, మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంకా బాగా పనిచేస్తాయి కానీ వాటిలోనూ రక్తం గడ్డ కట్టే భయం ఉంది, ఈయనకు వద్దు. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి, లేదా ఆరునెలలకోసారి డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు. ఏది మొదలుపెట్టినా ముందు పళ్ల డాక్టరుకు చూపించి, పీకాల్సిన పళ్లుంటే పీకించేయండి. డెనోసుమాబ్ మొదలుపెడితే మధ్యలో డేటు దాటించొద్దు. మానేసినవాళ్లలో వెన్నుపూసలు వరసగా విరగడం చూశాం. క్యాల్షియం, విటమిన్ డి ఎలాగూ ఉంటాయి. బరువులతో చేసే వ్యాయామం వారానికి రెండు మూడుసార్లు చేయించండి, ఉట్టి నడక ఎముకలకు చాలదు.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు, డాక్టరును మాత్రం తప్పకుండా అడగండి: ఈ ఇంజెక్షన్ ఇంకా ఎన్నాళ్లు? లింఫ్ గ్రంథుల దాకానే పాకి, రేడియేషన్ ఇచ్చినవాళ్లకు హార్మోన్ మందు సాధారణంగా రెండు నుంచి మూడేళ్లే. 14 నెలలు అయిపోయాయి. ఇంకో పది నెలల్లో ఆపే ప్లాన్ ఉంటే ఇప్పుడు మందు మార్చి, కొత్త తలనొప్పులు తెచ్చుకోవడం ఎందుకు? ఆపిన కొన్ని నెలలకు టెస్టోస్టెరాన్ లేస్తుంది, ఆవిర్లు వాటంతటవే తగ్గుతాయి. ఆయన వయసులో లేవడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి.

అపాయింట్‌మెంట్‌కు వెళ్లేటప్పుడు ఆ పాత గడ్డ తాలూకు డాప్లర్ స్కాన్ రిపోర్టు, అప్పుడు ఎన్ని నెలలు ఏ మందు వాడారో ఆ చీటీ తీసుకెళ్లండి. ఎనిమిదేళ్ల నాటి కాగితం కదా అని ఇంట్లో వదిలేయకండి. క్యాన్సర్ డాక్టరు ఫైల్లో ఆ విషయం ఉందో లేదో మీరే అడిగి, లేకపోతే మీ ఎదుటే రాయించండి.